కోతకు కొలత: సిజేరియన్ కాన్పుల లెక్కలపై ఒక విమర్శ

నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద సేద్యము చేయు రైతుకు ఒక సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. కాలువ మొదట నున్న పొలములలో నీరు నిలిచి ఊట పెట్టుచుండగనే, చివరనున్న పొలములు నెఱ్ఱెలు విచ్చుచుండును. ఈ రెంటి సగటు తీసి, ఎకరమునకు చాలినంత నీరు అందినదని కాగితముపై వ్రాసినచో లెక్క తప్పు కాదు. అయినను ఆ లెక్క వలన మొదటి పొలములో మురుగు తీయదు. చివరి పొలము తడియదు.

వైద్యము విషయమున నేడు ప్రపంచమంతటను జరుగుచున్నది ఇట్టిదే. ఒకచోట అవసరము లేని పరీక్షలు, మందులు, శస్త్రచికిత్సలు. మరియొకచోట ప్రాణము నిలుపగల చికిత్స సైతము అందని స్థితి. అధికవైద్యము ధనిక దేశముల జబ్బనియు, వైద్యపు కొరత పేద దేశముల జబ్బనియు చాలకాలము భావించిరి. 2017లో లాన్సెట్ అను వైద్యపత్రిక ప్రకటించిన వ్యాసమాల ఈ భావమును సవరించినది. రెండు దోషములును ఒకే దేశములో, ఒకే ఆసుపత్రిలో, తుదకు ఒకే రోగి విషయమున సైతము కలిసి ఉండవచ్చునని అందు చూపబడినది.

ఇందుకు నిదర్శనము వెదకుటకు దూరము పోనక్కరలేదు. నల్గొండ జిల్లాలో నార్కట్‌పల్లి–అద్దంకి రహదారిపై మాడుగులపల్లి ఉన్నది. 2016లో ఇది మండల కేంద్రమైనది. ఇచ్చటి గర్భిణికి ఒకవైపు మిర్యాలగూడ ప్రభుత్వాసుపత్రి, రెండవవైపు 2019లో వైద్యకళాశాల ఏర్పడిన నల్గొండ. రెండు పట్టణములలోను ప్రైవేటు నర్సింగుహోములు. ఒకప్పుడు ఇంటిలో మంత్రసాని చేతిమీద జరిగిన కాన్పు ఇప్పుడు దాదాపు పూర్తిగా ఆసుపత్రికి మారినది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారము తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలో జరిగినవి. ఇది నిజముగా గొప్ప మార్పు. అయితే ఆసుపత్రికి చేరిన కాన్పు ఏ రీతిగా ముగియుచున్నదో విచారింపవలసి ఉన్నది. ఆ సర్వేయే దానిని కూడ చెప్పుచున్నది: సర్వేకు ముందటి ఐదేండ్ల కాన్పులలో నూటికి 60.7 సిజేరియన్ శస్త్రచికిత్సతో జరిగినవి. దేశమంతటికిని ఈ సంఖ్య 21.5 మాత్రమే.

ఈ 60.7 అను సంఖ్యను వార్తాపత్రికలు, అధికారులు, వైద్యులు ఎవరికి తోచిన రీతిగా వారు చదువుచున్నారు. కొందరికిది దోపిడికి రుజువు. కొందరికిది వైద్యసౌకర్యము పెరిగినదనుటకు గుర్తు. ఈ రెండు పఠనములును అసంపూర్ణములు. ఏ విధముగనో చూచుటకు ముందు ఈ శస్త్రచికిత్స ఎట్టిదో కొంచెము తెలిసికొనుట మంచిది.

సిజేరియన్ అనగా తల్లి పొట్టను, గర్భాశయమును కోసి బిడ్డను వెలికి తీయుట. 1882లో మాక్స్ సేంగర్ అను జర్మనీ వైద్యుడు గర్భాశయపు కోతను కుట్టివేయు పద్ధతిని వివరించెను. అంతకుముందు ఈ శస్త్రచికిత్స జరిగిన తల్లులలో పెక్కుమంది రక్తస్రావము చేతను, కోత చీముపట్టుట చేతను మరణించెడివారు. నేడు మత్తుమందు, రక్తదానము, సూక్ష్మజీవనాశకములు తోడగుటచే ఇది సురక్షితమైన శస్త్రచికిత్సలలో ఒకటైనది. బిడ్డ అడ్డము తిరిగినప్పుడు, మాయ గర్భాశయ ద్వారమునకు అడ్డుపడినప్పుడు, బొడ్డుతాడు బిడ్డకంటె ముందు జారినప్పుడు, నొప్పులు ఎంత సాగినను తల దిగనప్పుడు, తల్లినో బిడ్డనో ఇద్దరినో నిలుపునది ఈ కోతయే. దీనిని నిందించుట అవివేకము.

అయితే ప్రతి కోతకును ఒక వెల ఉన్నది. ఆసుపత్రి రసీదులో అది కనిపించదు. మామూలు కాన్పుకంటె రక్తస్రావము, సూక్ష్మజీవుల సోకు, సిరలలో రక్తము గడ్డకట్టుట ఇందు ఎక్కువ. తరువాతి గర్భమున మాయ పాత మచ్చపై అంటుకొని గర్భాశయ కండరములోనికి చొచ్చుకొని పోవచ్చును. అట్టి మాయ ఊడి రాక, ప్రాణాపాయకరమైన రక్తస్రావము కలుగును. కోతల సంఖ్య పెరిగినకొలది ఈ అపాయమును పెరుగును. బిడ్డ సంగతియును గమనింపదగినది. నొప్పుల సమయమున విడుదలయగు అడ్రినలిన్ మున్నగు స్రావములు బిడ్డ ఊపిరితిత్తులలోని ద్రవము ఇంకిపోవుటకు తోడ్పడును. నొప్పులు రాకముందే, 39 వారములు నిండకముందే తీసిన బిడ్డలలో ఆ ద్రవము మిగిలి ఊపిరి కష్టమగుట ఎక్కువగా చూచుచుందురు.

ఒకమారు సిజేరియన్ జరిగినచో ఆపై ప్రతి కాన్పును సిజేరియనే అను మాట 1916లో న్యూయార్కు వైద్యుడు ఎడ్విన్ క్రేగిన్ వ్రాసిన వ్యాసము నుండి ప్రచారములోనికి వచ్చినది. లోకము దానిని ఆజ్ఞగా స్వీకరించినది. క్రేగిన్ దానిని హెచ్చరికగా ఉద్దేశించెను: మొదటి కోతకు పూనుకొనుటకు ముందే బాగుగా ఆలోచింపవలెనని ఆయన వాదము. నూరేండ్లు దాటినను ఆ హెచ్చరిక పాతబడలేదు. నేటి తొలి కాన్పు కోత రేపటి మలి కాన్పు కోతకు కారణమగుచున్నది గనుక, ఈ సంఖ్య తనంత తాను పెరుగు గుణము కలది.

ఇక లెక్కలోనికి పోవుదురు గాక. ఉన్నత పాఠశాల విద్యార్థికి శాతములు, సగటులు తెలిసిన చాలును. మాడుగులపల్లి, దాని ఇరుగుపొరుగు మండలములలో 1000 కాన్పులు జరిగినవని అనుకొనుడు. వానికి జిల్లా అంకెలు గాక, తెలంగాణ సగటునే వర్తింపజేయుడు. ప్రభుత్వాసుపత్రులలో 497, ప్రైవేటు ఆసుపత్రులలో 473, ఇంటివద్దనో దారిలోనో 30 జరుగును. సర్వే ప్రకారము ప్రభుత్వాసుపత్రి కాన్పులలో నూటికి 44.5, ప్రైవేటు కాన్పులలో నూటికి 81.5 సిజేరియన్లు. కావున మొదటిచోట 221, రెండవచోట 386, మొత్తము 607.

దీనికి నాలుగేండ్ల ముందటి సర్వే (2015–16)ను ప్రక్కన పెట్టినచో ఒక వింత బయటపడును. అప్పుడు 1000 కాన్పులలో 305 మాత్రమే ప్రభుత్వాసుపత్రులలో జరిగినవి. 610 ప్రైవేటులో జరిగినవి. సిజేరియన్లు ప్రభుత్వాసుపత్రులలో నూటికి 40.3, ప్రైవేటులో 74.5, మొత్తముమీద 57.7. ఆ తరువాత, 2017లో ప్రవేశపెట్టిన కె.సి.ఆర్. కిట్ వంటి పథకముల కాలమున, కాన్పులు పెద్దయెత్తున ప్రభుత్వాసుపత్రులకు తరలినవి. కోతలు ఎక్కువగా ఉన్న చోటి నుండి తక్కువగా ఉన్న చోటికి జనము మారినప్పుడు మొత్తపు శాతము తగ్గవలెను. పాత శాతములే నిలిచి ఉన్నచో 497 లో 200.3, 473 లో 352.4, అనగా 1000కి సుమారు 553 కోతలు మాత్రమే కావలసినది. జరిగినది 607. రెండు విధముల ఆసుపత్రులలోను శాతము పెరిగినది గనుకనే తగ్గవలసిన మొత్తము పెరిగినది.

ఈ చిన్న లెక్క ఒక ప్రచారములోని వాదమును పడగొట్టుచున్నది. ప్రైవేటు ఆసుపత్రుల ధనాశ ఒక్కటే కారణమైనచో, ప్రభుత్వాసుపత్రులలో నూటికి నలువదినాలుగు ఎట్లు వచ్చెను? కాన్పుకు బిల్లు లేని చోట కూడ కోత పెరుగుచున్నదనగా కారణములు ఇతరములును ఉండవలెను. తొలి కాన్పు ప్రైవేటులో కోతతో జరిగి మలి కాన్పుకు ప్రభుత్వాసుపత్రికి వచ్చు తల్లి ఒక కారణము. నొప్పులు పండ్రెండు గంటలు సాగవచ్చును, కోత గంటలో ముగియును. రాత్రియంతయు తల్లి ప్రక్కన కూర్చుండగల శిక్షితురాలు లేని చోట వైద్యుడు కోతకే మొగ్గును. బిడ్డకేమైనను జరిగినచో ఆసుపత్రిపై దాడి జరుగునన్న భయము మరియొకటి. మంచి ముహూర్తమున బిడ్డ పుట్టవలెనని పంచాంగము పట్టుకొని వచ్చు కుటుంబము, నొప్పులకు బెదరిన గర్భిణి, ఫీజులోని తేడా, ఇవన్నియు కలిసినవి. ఒక్క దొంగను పట్టినంత మాత్రమున ఈ సమస్య తీరదు.

రెండవ వాదము, కోతలు పెరిగినందుననే తల్లుల మరణములు తగ్గినవనునది. తెలంగాణలో లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు 2014–16లో 81 ఉండగా 2018–20 నాటికి 43కు తగ్గినవి. ఇది హర్షింపదగిన విషయము. అయితే అదే కాలమున మహారాష్ట్రలో ఈ మరణములు 33. సిజేరియన్లు నూటికి 25.4 మాత్రమే. కేరళలో మరణములు 19, సిజేరియన్లు 38.9. రక్తహీనత, వివాహ వయస్సు, రక్తనిధులు, రహదారులు మున్నగు పెక్కు అంశములపై తల్లుల మరణములు ఆధారపడును గనుక, కోతలు ఎక్కువైనందున మరణములు ఎక్కువైనవని చెప్పుట కూడ తొందరపాటే. ఒక్కటి మాత్రము స్పష్టము: మరణములు ఇంతగా తగ్గుటకు నూటికి అరువది కోతలు అక్కరలేదు.

అట్లయిన ఎన్ని అవసరము? 1985లో బ్రెజిల్‌లోని ఫోర్టలేజా నగరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన సమావేశము, ఏ ప్రాంతమునందైనను నూటికి 10–15కు మించుటకు సమర్థన లేదని ప్రకటించినది. నాటి నుండి ఈ సంఖ్య మంత్రమువలె వల్లింపబడుచున్నది. దాని పునాది అంత గట్టిది కాదు. శిశుమరణములు తక్కువగా ఉన్న కొన్ని దేశములలో నాడు సిజేరియన్లు నూటికి 10కి లోపుగ ఉండుటయే దాని ముఖ్యాధారము. 2015లో 194 దేశముల అంకెలను పరిశీలించిన ఒక అధ్యయనము నూటికి సుమారు 19 వరకు తల్లుల, శిశువుల మరణములు తక్కువగుచున్నవని తేల్చినది. అదే సంవత్సరము ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మాటను సవరించుకొన్నది: జనాభా మొత్తముమీద నూటికి 10 దాటిన పిదప మరణములు తగ్గుటకు ఆధారము కనిపించలేదనియు, ఏదో ఒక శాతమును సాధించుటకంటె అవసరమైన ప్రతి స్త్రీకిని కోత అందజేయుటయే ముఖ్యమనియు చెప్పినది.

పది, పదునైదు, పందొమ్మిది: ఏ గీత గీచినను 607 దానికి ఎంతో పైన ఉన్నది. అందరికంటె ఉదారమైన 19నే తీసికొన్నను మాడుగులపల్లి లెక్కలో 190 చాలును, 417 అధికము. కాని అసలు చిక్కు ఇచ్చటనే ఉన్నది. అవసరమైన ఆ 190 మందియు జరిగిన 607 లోపలనే ఉన్నారా? ఆసుపత్రి చేరని 30 మందికి ఈ కొలత వర్తించినచో వారిలో ఐదారుగురికి కోత అవసరమై ఉండవచ్చును. రాష్ట్రపు సగటు ఎంత ఎత్తున ఉన్నను ఆ ఐదారుగురికి ఒరిగినదేమియు లేదు. రహదారికి దూరమైన తండాలో, నల్లమల చెంచు పెంటలో బిడ్డ అడ్డము తిరిగిన తల్లికి పట్టణములోని 417 కోతలలో ఒక్కటియు అక్కరకు రాదు.

ప్రపంచ పటముపై ఈ చిత్రమే పెద్దదిగా కనిపించును. సిజేరియన్లు 2000లో ప్రపంచమున నూటికి 12 ఉండగా 2015 నాటికి 21 అయినవి. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశములలో 44.3, పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో 4.1. పేద, మధ్యతరగతి దేశముల లోపల సైతము, అత్యంత ధనిక కుటుంబములలో ఈ కోతలు అత్యంత పేద కుటుంబములలో కంటె దాదాపు ఐదు రెట్లు. 21 అను ప్రపంచ సగటును మాత్రము చూచువాడు, అవసరము తీరినదని సంతసించును. నాలుగు వద్ద కోత అందక మరణించినవారును, నలువదినాలుగు వద్ద అక్కరలేని కోత పడినవారును ఆ సగటులో ఒకరినొకరు కప్పివేయుచున్నారు.

ఒకే స్త్రీ శరీరమున ఈ రెండు దోషములును కలిసి ఉండుటకు మరియొక ఉదాహరణము కలదు. అదే ఐదవ సర్వే ప్రకారము 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 8.7, తెలంగాణలో 8.2, దేశమంతటికిని 3.3. గర్భాశయముఖ క్యాన్సరును ముందుగా కనిపెట్టు పరీక్ష ఒక్కసారియైనను చేయించుకొన్న 30–49 ఏండ్ల స్త్రీలు ఈ రెండు రాష్ట్రములలోను నూటికి ఐదుగురైనను లేరు. క్యాన్సరు భయముతో అవయవమునే తీయించుకొనుట సులభమైనది. ఆ భయము నిజమో కాదో తేల్చు చిన్న పరీక్ష మాత్రము అందలేదు. అనవసరముగా గర్భసంచులు తీయుటపై వచ్చిన వ్యాజ్యములో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకములను రాష్ట్రములు పాటింపవలెనని ఆదేశించుట గమనార్హము.

ఇక నివారణోపాయములను విమర్శింపవలసి ఉన్నది. కోతలు తగ్గింపుడని ఆజ్ఞాపించి, సహజప్రసవములకు ప్రోత్సాహకపు సొమ్ము చెల్లించి, ప్రతి నెల శాతమును అడుగుట తేలికైన మార్గము. తెలంగాణ ప్రభుత్వమును 2022లో అట్టి ప్రోత్సాహకమును ప్రకటించినది. ఉద్దేశము మంచిదే. ఈ దారిలో ఇదివరకు నడిచినవారి అనుభవము మాత్రము మరువరాదు. ఇంగ్లండులోని ష్రూస్‌బరీ, టెల్‌ఫర్డ్ ఆసుపత్రులలో సిజేరియన్లు దేశపు సగటుకంటె ఏండ్ల తరబడి తక్కువగా ఉండెను. అందుకు వానికి మెప్పును లభించెను. డోనా ఆకెండెన్ నాయకత్వమున జరిగిన విచారణ 2022 మార్చిలో నివేదిక సమర్పించినది. మెరుగైన సంరక్షణ లభించినచో 201 మంది శిశువులు బ్రతికి ఉండెడివారేమో అని అందు తేలినది. చేయవలసిన కోత చేయక జాగు చేయుట, తల్లుల మాట వినకుండుట అందు బయటపడిన దోషములలో ముఖ్యములు. ఆ సంవత్సరముననే ఇంగ్లండు ఆరోగ్యశాఖ మొత్తము సిజేరియన్ శాతమును ఆసుపత్రుల పనితనమునకు కొలతగా వాడవలదని ఆదేశించినది. ఎక్కువ కోతలను తప్పుగా లెక్కించుట ఎంత అపాయమో, తక్కువ కోతలను ఒప్పుగా లెక్కించుటయు అంతే అపాయము.

మరి కొలత ఏది? ఐర్లండు వైద్యుడు మైకేల్ రాబ్సన్ సూచించిన పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసినది. ఇందు కాన్పుకు వచ్చిన ప్రతి స్త్రీని పది తరగతులలో ఒకదానిలో చేర్తురు. తొలి కాన్పా, కాదా? ఇదివరకు కోత పడినదా? బిడ్డ ఒకటా, కవలలా? నెలలు నిండినవా? తల క్రిందుగా ఉన్నదా, ఎదురుకాళ్ళా, అడ్డమా? నొప్పులు తమంత తాము వచ్చినవా, మందుతో రప్పించినవా? ఈ ప్రశ్నలకు సమాధానము ఏ పల్లె ఆసుపత్రి రిజిస్టరునుండియైనను తీయవచ్చును. అడ్డము తిరిగిన బిడ్డల తరగతిలో నూటికి నూరు కోతలైనను ఆక్షేపణ లేదు. నెలలు నిండి, తల క్రిందుగా ఉండి, తమంత తాము నొప్పులు వచ్చిన తరగతిలో కోతలు సగము దాటినచో మాత్రము ఆ ఆసుపత్రి సమాధానము చెప్పవలెను. ఒక్క శాతముతో రెండు ఆసుపత్రులను పోల్చుట వయస్సు చూడక ఇద్దరు పిల్లల ఎత్తులు పోల్చుట వంటిది; తరగతివారీగా పోల్చినప్పుడే న్యాయము జరుగును.

కొలతతో పాటు మనుష్యులును కావలెను. తెలంగాణలో 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌ల సహకారముతో నర్సులకు 18 నెలల మంత్రసాని శిక్షణ ప్రారంభమైనది. 2018లో కేంద్ర ప్రభుత్వమును ఈ మార్గమును అంగీకరించి మార్గదర్శకములు ప్రకటించినది. నొప్పుల వేళ తల్లి వెంటనే ఉండి, ధైర్యము చెప్పి, అపాయపు గుర్తు కనిపించిన తక్షణమే వైద్యుని పిలుచుట వీరి విద్య. అక్కరలేని కోత తప్పించునదియు, అక్కరయైన కోతకు సకాలమున చేర్చునదియు ఆ మంత్రసాని యొక్క చూపే. అధికమునకు ఒక మందు, కొరతకు ఒక మందు అని వేరుగా లేవు.

గణితము బోధించు ఉపాధ్యాయులకు ఈ అంకెలు మంచి అభ్యాసము కాగలవు. పాఠ్యపుస్తకములోని సగటు లెక్క విద్యార్థికి జవాబు రాగానే ముగియును. ఈ లెక్క అక్కడ మొదలగును. 60.7 అను జవాబు వచ్చిన పిదప రెండు ప్రశ్నలు అడుగుట నేర్పవలెను: ఇందులో అక్కరలేకయే కోత పడినవారెందరు? అక్కరయుండియు ఇందులో చేరనివారెందరు? మాడుగులపల్లి బడిలో నేడు ఈ లెక్క కట్టు బాలిక మరి పదేండ్లకో పదునైదేండ్లకో తానే కాన్పు గది గుమ్మమున నిలిచినప్పుడు, ఎందుకు కోయవలెనని గాని, ఎందుకు ఇంకను కోయలేదని గాని వైద్యుని అడుగగలుగును.